బరిలో దిగినవాడు, బరితెగించినది

2023 నవంబరులో కొల్లాపూర్ పేరు తెలుగువాళ్ళున్న ప్రతిచోటా వినిపించింది. మామిడిపండ్ల వల్ల కాదు, ఒక ఎన్నిక వల్ల. తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో ఆ నియోజకవర్గం నుంచి కర్నె శిరీష అనే యువతి స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేసింది. ఆ పేరుతో ఆమెను గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. ఎంత చదివినా ఉద్యోగం రాదు కాబట్టి బర్రెలు కాస్తున్నానని చెప్పిన ఒక చిన్న వీడియో ఆమెను బర్రెలక్కను చేసింది. ఆ వీడియో మీద పోలీసు కేసు కూడా నమోదైంది. ప్రచారంలో ఆమె తమ్ముడి మీద దాడి జరిగాక, ఆమెకు రక్షణ కల్పించమని హైకోర్టు ఆదేశించింది. ఈల గుర్తు మీద 5,754 ఓట్లు వచ్చాయి. గెలవలేదు.

ఆ నెల రోజులూ ఆమె గురించి జనం ఏ మాటల్లో మాట్లాడుకుంటున్నారో నేను శ్రద్ధగా విన్నాను. పత్రికల్లో, టీవీల్లో 'బరిలో బర్రెలక్క' అన్నారు, 'సాహసం' అన్నారు. బస్సుల్లో, హోటళ్ళ దగ్గర, పెళ్ళిళ్ళలో మాత్రం ఇంకో మాట వినిపించింది. 'బరితెగించింది' అన్నారు. అన్నవాళ్ళలో ఆమెకు ఓటు వేస్తామన్నవాళ్ళు కూడా ఉన్నారు. తిట్టుగా కాదు, ఆశ్చర్యంగానే అన్నారు. కానీ ఒక ఆడపిల్ల ఎన్నికల్లో నిలబడితే ఆశ్చర్యం చెప్పుకోవడానికి కూడా మన నోటికి మొదట అందేది తిట్టేనన్న సంగతి నన్ను వదల్లేదు.

బరి అంటే గీత, హద్దు. కోళ్ళు కొట్లాడే చోటు బరి, మల్లులు కుస్తీ పట్టే చోటు బరి. మగవాడు ఆ గీత దాటి లోపలికి వస్తే బరిలో దిగినట్టు. ఆడది అదే గీత దాటితే బరితెగించినట్టు. గీత ఒక్కటే, దాటడమూ ఒక్కటే. మగవాడికి అది పోటీ జరిగే స్థలం, ఆడదానికి తెంపకూడని కంచె. భాషలో జెండర్ ఎలా పనిచేస్తుందో చెప్పడానికి సిద్ధాంత గ్రంథాలు తిరగేయాల్సిన పని లేదు, ఈ రెండు నుడికారాలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

ఈ ఆలోచనే నన్ను 'సాహసం' అన్న మాట చరిత్రలోకి తీసుకెళ్ళింది. ఆ మాటను ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు, ఇవ్వనిచోట ఏ మాటలు పెట్టారు? ఈ ప్రశ్నలకు కొల్లాపూర్ చుట్టుపక్కల, కృష్ణ ఒడ్డున, జవాబులు వెతకడానికి ప్రయత్నించాను.

సాహసం ఈనాడు మనకు గౌరవమైన మాట. అది పుట్టుకతో గౌరవమైన మాట కాదు. సంస్కృతంలో సహస్సు అంటే బలం. బలంతో చేసేది సాహసం. ప్రాచీన న్యాయశాస్త్రంలో అది ఒక నేరం పేరు. అర్థశాస్త్రం దొంగతనాన్నీ సాహసాన్నీ విడదీసి చెబుతుంది. చాటుగా తీసుకుపోతే దొంగతనం, సొంతదారు ఎదుటే బలవంతంగా లాక్కుంటే సాహసం. మనుస్మృతి లెక్కించిన పద్దెనిమిది వివాద పదాల్లో సాహసం ఒకటి. శిక్షగా విధించే జరిమానాలకూ అదే పేరు: ప్రథమ సాహసం 250 పణాలు, మధ్యమ సాహసం 500, ఉత్తమ సాహసం 1000. నారద స్మృతిలో విషంతోనో ఆయుధంతోనో ప్రాణం తీయడం, పరస్త్రీ మీద దౌర్జన్యం చేయడం ఉత్తమ సాహసం కిందికి వస్తాయి. 'ఉత్తమ సాహసం' అంటే ఇవాళ ఏ గణతంత్ర దినోత్సవాన్నో ఇచ్చే పతకం గుర్తొస్తుంది. ఆనాడు అది అన్నిటికంటే ఘోరమైన నేరం. ఆ ఘోరాల జాబితాలో స్త్రీ శరీరం మీద జరిగే దాడి కూడా ఉంది. అంటే ఈ మాటకూ మనకూ మొదటి పరిచయం బాధితులుగానే.

రెండో పరిచయం ఇంకా విచిత్రమైనది. చాణక్యుడి పేరుతో చెలామణి అయ్యే నీతి శ్లోకాలు మన బడుల్లో, పంచాంగాల్లో తరతరాలుగా తిరుగుతున్నాయి. స్త్రీకి పురుషుడి కంటే ఆకలి రెండింతలు, సిగ్గు నాలుగింతలు, సాహసం ఆరింతలు, కామం ఎనిమిదింతలు అని ఒక లెక్క. మరోచోట అబద్ధంతో, మాయతో, మూర్ఖత్వంతో కలిపి సాహసాన్ని స్త్రీకి సహజసిద్ధమైన దోషంగా చెబుతారు. ఇక్కడ సాహసమంటే శౌర్యం కాదు, ముందువెనుకలు చూడకుండా తెగబడే గుణం. చూశారా, స్త్రీకి సాహసం లేదని శాస్త్రం ఎప్పుడూ అనలేదు. మనకు అది ఆరింతలు ఉందని భయపడింది, అందుకే దోషాల పట్టికలో చేర్చింది. ఉన్నదాన్ని లేదనిపించడం తర్వాతి కాలాలు చేసిన పని.

దోషం గుణంగా మారడం కథల్లో జరిగింది. విక్రమార్కుడికి సాహసాంకుడని బిరుదు. చెట్టెక్కి శవాన్ని దించి భుజాన వేసుకుని నడిచే ఆ రాజును 'చందమామ' దశాబ్దాల పాటు తెలుగు పిల్లలకు నెలనెలా చూపించింది. బాధ్యత లేని బలప్రయోగం కాస్తా పట్టుదలగా, కార్యదీక్షగా అర్థం మార్చుకుంది. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి' ఆ అర్థానికి జనం నోళ్ళలో స్థిరమైన చోటు కల్పించింది. నేపాళ మాంత్రికుడు తోటరాముడికి చెప్పింది ఏమిటి? సాహసం చేస్తే రాజకుమారి దక్కుతుందని. డెబ్భై ఏళ్ళు దాటినా ఆ మాటను సరదాకైనా అననివాళ్ళు తెలుగునాట అరుదు. తోటమాలి కొడుకు రాజు అల్లుడు కావడంలో ఒక వర్గపు కల నెరవేరుతుంది, నిజమే. కానీ ఆ వాక్యంలో సాహసం చేసేవాడొకరు, దక్కేది ఒకరు. దక్కేది కదలదు. ఆమెను ఎత్తుకుపోతారు, తెచ్చుకుంటారు. జానపద చిత్రాల్లో రాకుమారి చేసే ప్రయాణాలన్నీ కర్మణి ప్రయోగాలే.

ఇంగ్లీషు 'అడ్వెంచర్' కథ వేరు. అది లాటిన్‌లో 'రావడం' అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. మనిషికి ఎదురయ్యేది, తటస్థపడేది అని మొదటి అర్థం. తర్వాత అపాయం, ఆ తర్వాత అపాయానికి ఒడ్డే పెట్టుబడి. ఈస్టిండియా కంపెనీలో తొలి వాటాదార్లను అడ్వెంచరర్లనే పిలిచేవారు. ఓడ మునిగితే డబ్బు పోతుంది, తిరిగొస్తే లాభం. మన భాషలోకి 'సాహసయాత్ర', 'సాహసక్రీడలు' అన్న జంటపదాలు ఈ దారినే వచ్చాయి. ఈ అర్థంలో సాహసానికి రెండు షరతులున్నాయి. వెళ్ళాలా వద్దా అన్నది మన ఇష్టం కావాలి. తిరిగొచ్చాక చెప్పుకోవడానికి ఒక ఇల్లు, వినడానికి మనుషులు ఉండాలి. ఈ రెండూ ఎవరికి ఉన్నాయో వాళ్ళ ప్రయాణమే సాహసంగా చరిత్రకెక్కింది.

కొల్లాపూర్ సీమలోనే ఇందుకు ఉదాహరణ ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆ దారిలో శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, పెంట్లవెల్లి, పానుగల్లు, వనపర్తి మీదుగా హైదరాబాదు చేరాడు. ఇవన్నీ కొల్లాపూర్ నుంచి బస్సులో తిరిగే ఊళ్ళే. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర' తెలుగు యాత్రా సాహిత్యానికి ఆద్యం. దారులు, ధరలు, కొండలు, సంస్థానాధీశుల తగాదాలు, కులాచారాలు అన్నీ రాసుకున్న మనిషి ఆయన. ఆ రచన విలువను నేను ఏమాత్రం తగ్గించడం లేదు. కానీ సుమారు వందమంది పరివారంతో సాగిన ఆ యాత్రలో ఇంటి ఆడవాళ్ళున్నారు, పల్లకీలు మోసిన బోయీలున్నారు. కృష్ణ దాటేటప్పుడు అందరికీ ఒకే నీళ్ళు, ఒకే భయం. పుస్తకం మాత్రం ఒకరిది. పల్లకీ తెర సందులోంచి పెంట్లవెల్లి ఎలా కనిపించిందో మనకు ఎన్నటికీ తెలియదు, బోయీ భుజం మీంచి ఎలా కనిపించిందో కూడా తెలియదు.

నలభై ఏళ్ళ తర్వాత పోతం జానకమ్మ మద్రాసు నుంచి ఇంగ్లండు వెళ్ళి, చూసినదంతా తెలుగులో రాసింది. అది ఇంగ్లీషులో పుస్తకంగా 1876లో మద్రాసులో అచ్చయింది. సముద్రం దాటిన తెలుగు స్త్రీ తన కళ్ళతో తాను లోకాన్ని చూసి చెప్పిన పుస్తకం అంత తొందరగా వచ్చింది. అయినా మన సాహిత్య చరిత్రల్లో వీరాస్వామయ్యకు ఉన్న చోటు ఆమెకు ఎంతకాలం లేదో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు.

ఈ ప్రాంతపు సంస్థానాల చరిత్రలో మగవాళ్ళ సాహసానికి ఇంకో రూపం కూడా ఉంది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు-కొల్లాపూర్ సంస్థానాలు కవిపండితులకు ఆటపట్టులు. జటప్రోలు పాలించిన సురభివారిలో మాధవరాయలు స్వయంగా 'చంద్రికాపరిణయం' రాసిన ప్రబంధకవి. తిరుపతి వేంకటకవుల్లాంటి వాళ్ళు సంస్థానం తర్వాత సంస్థానం తిరుగుతూ అవధానాలు చేశారు, సవాళ్ళు విసిరారు, వార్షికాలు అందుకున్నారు. ఊరు విడిచి, రాజసభలో నిలబడి, ఓడితే పరువు పోయే పందెం కాయడం కచ్చితంగా సాహసమే. అదే కాలంలో ఈ సీమలో చదువుకున్న స్త్రీ ఉంటే ఆమె చదువు అంతఃపురం దాటినట్టు దాఖలాలు దొరకవు. గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ సంస్థానాన్ని పాలించింది, కవులను పోషించింది. కొల్లాపూర్‌లో రాణీ ఇందిరాదేవి పేరు ఒక విద్యాసంస్థకు ఉంది. పోషకురాలిగా స్త్రీ పేరు నిలిచింది. బరిలో దిగిన కవిగా నిలవలేదు.

ఇక రాజులూ కవులూ కాని వాళ్ళ సంగతి. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో పునాది పడింది. 1981లో నీళ్ళు నిలబెట్టడానికి ఊళ్ళు ఖాళీ చేయించారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరు దాకా గ్రామాలు, లక్షకు పైగా జనం. కొల్లాపూర్ తాలూకాలో కృష్ణ ఒడ్డు ఊళ్ళన్నీ ఇందులో ఉన్నాయి. సోమశిల, జటప్రోలు గుడులను రాయి రాయికీ గుర్తులు పెట్టి విప్పి, గట్టు మీదికి తెచ్చి మళ్ళీ కట్టారు. శిల్పాలకు దొరికిన ఆ శ్రద్ధ మనుషులకు దొరకలేదని ఆనాడే హక్కుల కార్యకర్తలు అన్నారు. ఊరు మునిగినప్పుడు ఆడవాళ్ళు పోగొట్టుకున్నది పరిహారం లెక్కలకు అందేది కాదు. భూమి పట్టా ఎవరి పేరున ఉంటే పరిహారం వాళ్ళకు. గట్టు మీది గడ్డి, ఏటి ఒడ్డు కూరగాయల మడి, నీళ్ళు తెచ్చుకునే రేవు, కాన్పుకు వచ్చే మంత్రసాని, చీటికీమాటికీ తోడొచ్చే పక్కింటామె – వీటికి పట్టాలుండవు.

ముంపు ఊళ్ళ నుంచి వచ్చి స్థిరపడిన కొందరు పెద్దావిడలతో నేను మాట్లాడాను. మొదట్లో సాహసం గురించి అడిగితే నా మొహం చూసి నవ్వారు. 'గా మాట మేమనం బిడ్డా. అది సినిమాలల్ల మాట' అంది ఒకావిడ. మరి మీరేమంటారవ్వా అంటే, 'తెగువ అంటం. తెగించినం అంటం. తెగువ గలది అంటె మంచిదే. తెగించింది అంటె మాత్రం మంచిగ లేనట్టు' అంది. ఆ తర్వాత చాలాసేపు ఆలోచించి, 'గప్పుడు మేం ఏం జెయ్యలే. నీళ్ళొచ్చినయ్, లేసినం. దాన్ని తెగువ అనొద్దు' అని తనే అంది.

ఈ మాట నాకు పెద్ద పాఠం. తెగు అంటే తునగడం. తాడు తెగుతుంది, బంధం తెగుతుంది. తెగువలో ఆ తెంపు ఉంది. మొండితనంలో కూడా అదే ఉంది, నరికిన చెట్టు మోడును, తెగిన చేతిని మొండి అంటాం. సంస్కృతపు సాహసంలో ఉన్నది బలం, తెలుగు తెగువలో ఉన్నది తెంపు. ఎదుటివాడి మీద ఉపయోగించేది బలం, తన వైపు నుంచి పోగొట్టుకునేది తెంపు. తెగించే మనిషి దేన్నో తెంచుకుంటుంది, దానికి మూల్యం చెల్లిస్తుంది. తనంతట తాను తెంచుకుంటేనే తెగువ, ఎవరో తెంపేస్తే అది తెగువ కాదని ఆ పెద్దావిడ తేడా చూపించింది. ఏ నిఘంటువూ ఇంత స్పష్టంగా చెప్పదు.

పాలమూరు వలస గురించి కూడా ఇదే జాగ్రత్త కావాలి. గుంపు మేస్త్రీ చేతి అడ్వాన్సు తీసుకుని ఈ జిల్లా స్త్రీలు బొంబాయికి, పుణెకు, ఇంకా దూరాలకు పోయారు. చంటిపిల్లల్ని చెట్టుకు ఉయ్యాల కట్టి పడుకోబెట్టి మట్టి మోశారు. భాష రాని ఊళ్ళలో ప్లాస్టిక్ పట్టాల గుడిసెల్లో కాన్పులయ్యాయి. మనలో పాస్‌పోర్టులున్నవాళ్ళ కంటే ఈ స్త్రీలు తిరిగిన నేల ఎక్కువ. వాళ్ళ ప్రయాణాన్ని ఎవరూ యాత్ర అనలేదు, 'బతకబోవుడు' అన్నారు. దీన్ని సరిచేయడానికి మనం ఉత్సాహంగా వాళ్ళకు సాహసికులని పేరు పెట్టవచ్చు. అలాంటి వ్యాసాలు చదివాను కూడా. అయితే వలసపోయి వచ్చిన ఒకావిడ నాతో అన్నది వినండి: 'మేం పోని ఊరు లేదు. కానీ ఏ ఊరు జూడలే. మట్టి జూసినం.' చూడడానికి తీరిక, చూసింది చెప్పే అవకాశం లేని ప్రయాణాన్ని సాహసమంటే ఆ అడ్వాన్సు వ్యవస్థకు మనం తెలియకుండానే రంగు పూసినట్టవుతుంది. నిర్బంధాన్ని ధైర్యంగా పొగడడం పితృస్వామ్యానికి బాగా అలవాటైన విద్య.

సహనం సంగతి ఇక్కడే చెప్పాలి. సాహసం, సహనం – ఈ రెండు మాటలకూ ధాతువు ఒకటే, 'సహ్'. ఆ ధాతువుకు ఎదుర్కొని గెలవడం, ఓర్చుకుని నిలవడం అనే రెండర్థాలూ ఉన్నాయి. ఒకే బలానికి రెండు ముఖాలు. భాషలో ఒకచోట పుట్టిన ఆ రెంటినీ సమాజం రెండు వాటాలు వేసింది. గెలిచే వాటా మగవాడికి సాహసంగా వెళ్ళింది, ఓర్చుకునే వాటా ఆడదానికి సహనంగా వచ్చింది. 'భూదేవంత ఓర్పు' అని మనల్ని పొగిడారు. సీత అడవికి వస్తానన్నప్పుడు రాముడు అక్కడి అపాయాలన్నీ ఏకరువు పెట్టాడు. అయినా ఆమె పట్టుబట్టి బయల్దేరింది. ఆ పట్టును పాతివ్రత్యమన్నారు, సాహసమనలేదు. అదే అడవిలో ఒంటరిగా తిరుగుతూ తన ఇష్టాన్ని నోటితో చెప్పిన శూర్పణఖకు ముక్కుచెవులు పోయాయి. ఓల్గా 'విముక్త' కథల్లో ఈ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టినప్పుడు మనకు కలిగిన ఊరటకు కారణం ఇదే కావచ్చు, రెండు వాటాలుగా విడిపోయినవి ఒకచోట కలిశాయి.

స్త్రీ తన ఇష్టంతో కదిలినచోట భాష ఇంకా కఠినంగా ఉంటుంది. ఇంట్లో చెప్పకుండా ఇష్టపడినవాడితో వెళితే 'లేచిపోయింది'. మగవాడి వైపు నుంచి చెబితే 'లేపుకుపోయాడు'. ఒక వాక్యంలో ఆమెది నేరం, ఇంకో వాక్యంలో ఆమె వస్తువు. ఆమె కర్తగా ఉండి నిందలేని వాక్యం తెలుగులో లేదు. 1927లో చలం 'మైదానం' రాసినప్పుడు రాజేశ్వరి మొదట్లోనే ఆ మాట మీద అభ్యంతరం చెబుతుంది. వందేళ్ళు కావస్తోంది, ఆ మాటకు బదులు మాట మనం ఇంకా కనుక్కోలేదు.

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలను 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు కూడా ఈ సమస్యే ఎదురైంది. దళాల్లో నడిచి, ఆయుధం పట్టి, బిడ్డను వదులుకున్న స్త్రీలు ఉన్నారు అందులో. పోరాటం నడిచినన్నాళ్ళూ అది వీరత్వం. ముగిశాక వాళ్ళను ఇళ్ళకు వెళ్ళమన్నారు. అప్పటిదాకా సాహసమైనది ఒక్కసారిగా ఊళ్ళో 'మగరాయుడిలా తిరిగింది' అయింది. ఆ పుస్తకం నాకు నేర్పింది ఏమిటంటే, స్త్రీకి సాహసమన్న మాటను అరువిస్తారు తప్ప సొంతానికివ్వరు. అవసరం తీరాక వెనక్కి తీసుకుంటారు.

దైనందిన వాడుకలోనూ అంతే. సాహసమన్న మాట మనం ఎక్కువగా 'అడిగే సాహసం చేయలేదు' అని లేనిచోటే వాడతాం. పత్రిక పెట్టినవాడితో, ఇల్లు కట్టినవాడితో 'పెద్ద సాహసమే చేశావు' అంటాం, అందులో డబ్బు ఒడ్డిన పాత అర్థం ఉంది. ఈ వ్యాసం పని మీద కొల్లాపూర్‌కు రాత్రి బస్సులో ఒక్కదాన్నే వెళ్ళినప్పుడు నాకు కూడా ఆ మాట దక్కింది. 'ఒక్కరే వచ్చిన్రా మేడం, సాహసమే!' అన్నారు. మెచ్చుకోలే. కానీ అదే బస్సులో నా ముందు సీట్లో ఒంటరిగా వచ్చిన మగమనిషితో ఎవరూ ఆ మాట అనలేదు. స్త్రీ విషయంలో సాహసమన్న మెచ్చుకోలులో ఒక హెచ్చరిక దాగి ఉంటుంది. నీకేమైనా అయితే మాది పూచీ కాదు సుమా అన్న ధ్వని అది. దారి అందరికీ క్షేమంగా ఉంచవలసిన బాధ్యత నుంచి సమాజం తప్పుకుని, నడిచిన మనిషికి ఒక విశేషణం ఇచ్చి పంపిస్తుంది.

ప్రభుత్వం కూడా ఆ మాటను ఇస్తుంది, ఎక్కడ ఇవ్వాలో చూసుకుని. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన ఆ గిరిజన బాలిక విజయం నిజంగా మనందరి కళ్ళూ చెమర్చిన విజయం. దాన్ని సాహసమనడానికి ఎవరూ వెనకాడలేదు. శిఖరం మీద ఎవరి ఆస్తీ లేదు, ఎవరి అధికారమూ లేదు, అక్కడ జెండా పాతితే ఎవరికీ నష్టం లేదు. ఉద్యోగాలు ఏవని అడిగి, తమ్ముడి మీద దెబ్బలు పడినా నామినేషన్ వెనక్కి తీసుకోని అమ్మాయి దగ్గరికి వచ్చేసరికే నాలుకలు తడబడి రెండు మాటలయ్యాయి. అధికారాన్ని తాకని సాహసానికి పతకం, తాకినదానికి బరితెగింపు.

ఇంకా కిందికి వెళితే రెండు మాటలు కూడా ఉండవు. 2024లో ఈ నల్లమల అంచునే ఒక చెంచు మహిళను నిర్బంధించి చిత్రహింసలు పెట్టిన సంగతి బయటికొచ్చింది. పనికి రానన్నది ఆమె చేసిన తప్పని వార్తలు చెప్పాయి. పాత ధర్మశాస్త్రపు అర్థంలో సాహసం చేసినవాళ్ళు ఆమెను హింసించినవాళ్ళు. ఈనాటి అర్థంలో సాహసం చేసింది ఆమె. పనికి రాను అనడం కంటే పెద్ద సాహసం ఆమె ఉన్నచోట ఏముంటుంది? ఒకే సంఘటనలో ఆ మాటకున్న రెండు చివర్లూ అలా ఎదురెదురుగా నిలబడ్డాయి. ఆమె గురించి రాసినవాళ్ళెవరూ సాహసమన్న మాట వాడినట్టు నాకు కనిపించలేదు. 'బాధితురాలు' అన్నారు. అది నిజమే, కానీ సగం నిజం.

అందుకే స్త్రీల చరిత్ర రాసేవాళ్ళం ఈ మాటను తూచి వాడాలని నా అభిప్రాయం. బలవంతం ఉన్నచోట బలవంతమనే రాయాలి. ముంపుకు, వలసకు సాహసమని పేరుపెట్టి అందంగా చేయకూడదు. కాదనడం, వెళ్ళిపోవడం, నిలబడడం తన నిర్ణయంగా జరిగినచోట, అది ఎంత చిన్నదైనా, ఆ మాట ఆమెకు చెందాలి. మునిగిన ఊళ్ళ పెద్దావిడ నాకు చెప్పిన తేడా ఇదే.

మరొకటి కూడా ఉంది. సాహసం హక్కు అయితే, సాహసం చేయనవసరం లేకపోవడం అంతకంటే పెద్ద హక్కు. కృష్ణకు ఇటు కొల్లాపూర్, అటు నందికొట్కూరు, ఆత్మకూరు సీమ. రెండు ఒడ్ల మధ్యా పెళ్ళిసంబంధాలున్నాయి. రిజర్వాయరు నిండాక నది వెడల్పయింది. రోడ్డు మీద వెళితే చాలా దూరం చుట్టు, అందుకని జనం పడవెక్కుతారు. 2007 జనవరిలో సింగోటం జాతర రోజుల్లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కూడా నది దాటుతూనే ఉన్న ఒకామెను భయం వేయదా అని అడిగాను. 'ఏస్తది. ఎందుకెయ్యదు? అవుతల మా అక్క ఇల్లున్నది. పోకుంటె ఎట్ల?' అంది. నీది చాలా ధైర్యం అనబోయి ఆగిపోయాను. సోమశిల నుంచి శ్రీశైలానికి పర్యాటకుల లాంచీ నడిచే నీళ్ళే అవి. లాంచీ ఎక్కినవాళ్ళకు ఆ నది ఒక పూట సరదా, ఆమెకు అక్క ఇంటికి దారి.

సోమశిల – సిద్ధేశ్వరం మధ్య వంతెన కోసం రెండు ఒడ్ల జనం ఏళ్ళ తరబడి అడిగారు. 2022 అక్టోబరులో వెయ్యి కోట్ల రూపాయలకు పైగా అంచనాతో తీగల వంతెనకు కేంద్రం ఆమోదం తెలిపింది. ఆ వంతెన ఎప్పుడొస్తుందమ్మా అని ఆమె నన్ను అడిగింది. తన ధైర్యం గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.